తుప్పు మీద కొత్త పెయింటు

హెవీ సంగీతానికి భవిష్యత్తు ఎప్పుడొచ్చిందని ఎవరైనా అడిగితే తడుముకోకుండా తేదీ చెప్పొచ్చు: 2020 మార్చి 13, శుక్రవారం. ఆ రోజు పిట్స్‌బర్గ్ బ్యాండు కోడ్ ఆరెంజ్ ‘అండర్‌నీత్’ అనే ఆల్బమ్ వదిలింది. పద్నాలుగు ట్రాకులు, ముప్పావు గంట పైచిలుకు. పీక తెగేలా అరిచే హార్డ్‌కోర్ గొంతులు, వాటి అడుగున ఇనుప గరగరలు, పాట మంచి ఊపులో ఉండగా కరెంటు పోయినట్టు ఠక్కున తెగిపోయే శబ్దం. ఇక సమీక్షకులకు పూనకం వచ్చింది. హద్దులు చెరిగిపోయాయన్నారు. హార్డ్‌కోర్ మళ్ళీ పుట్టిందన్నారు. రేపటి సంగీతం ఇవాళే వినబడుతోందన్నారు.

ఆ రేపటి సంగీతాన్ని నేనూ విన్నాను. చాలాచోట్ల అది 1994లా ఉంది.

ఆల్బమ్ బాగుంది. ఈ ముక్క ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కిందికి పోయేకొద్దీ నాకు గుర్తుండకపోవచ్చు. కసి ఉంది, పనితనం ఉంది, రీబా మేయర్స్ పాడిన చోట రాగం కూడా ఉంది. కానీ బాగుందంటే ఈ రోజుల్లో ఎవరికీ కడుపు నిండదు. బాగున్న ఆల్బమ్‌ను పది మంది కొంటారు, చరిత్ర తిరగరాసిన ఆల్బమ్‌నైతే పదివేల మంది వినకపోయినా కొంటారు. మన సినిమా ఫంక్షన్లలో మైకు అందుకున్న ప్రతి నిర్మాతా ‘రొటీన్‌కు భిన్నమైన కథండీ’ అంటాడు. మనం నవ్వుకుని, అయినా సరే టికెట్టు కొంటాం. అదే మాట ఇంగ్లీషు రాక్ పత్రికలో అచ్చయితే మాత్రం మన కుర్రాళ్ళు కిందగీత గీసుకుని మరీ చదువుతారు. నా పేచీ ఆ కిందగీతతోనే.

ఇందులో కొత్తదని చెబుతున్నది ఏమిటి? హార్డ్‌కోర్ మెటల్‌లోకి ఇండస్ట్రియల్ శబ్దం రావడం. సరే, ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. లండన్‌లో థ్రాబింగ్ గ్రిసిల్ అనే నలుగురి బృందం 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టుకుంది. ఆ జాతి సంగీతానికి ఆ పేరు అక్కడే పడింది. వాళ్ళలో క్రిస్ కార్టర్ అనే ఆయన తమకు కావలసిన యంత్రాలను కొనడం కన్నా టంకం పెట్టి తయారు చేసుకోవడమే ఎక్కువ. వినేవాళ్ళు సుఖంగా వినకూడదన్నది వాళ్ళ పట్టుదల, అందులో నూటికి నూరు మార్కులూ తెచ్చుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో లండన్ ఐసీఏ గ్యాలరీలో వాళ్ళు పెట్టిన ప్రదర్శన చూసి ఒక పార్లమెంటు సభ్యుడు వీళ్ళు నాగరికతనే కూల్చేసేవాళ్ళని మండిపడ్డాడు. ఆ తిట్టే వాళ్ళకు బిరుదైపోయింది.

అదే ఐసీఏలో 1984 జనవరిలో జరిగిన ముచ్చట ఇంకా బాగుంటుంది. బెర్లిన్ నుంచి ఐన్‌స్టుర్జెండె నొయ్‌బౌటెన్ బృందం వాళ్ళు వచ్చారు. తుక్కు ఇనుము, స్ప్రింగులు, డ్రిల్లు, సుత్తి, ఇవే వాళ్ళ వాద్యాలు. కాంక్రీటు కలిపే యంత్రాలు కూడా పెట్టుకుని కచేరీ మొదలెట్టారు. కాసేపటికి వాయించడానికి వేరే వస్తువు ఎందుకనిపించిందో ఏమో, వేదికనే తవ్వడం మొదలెట్టారు. ప్రేక్షకులూ చెయ్యి కలిపారు. నిర్వాహకులు లబోదిబోమంటూ ఆపించారు. నవ్యత అంటే సమీక్షకుడికి సంబరంగా ఉండాలా, హాలు యజమానికి గుండె దడగా ఉండాలా? నన్నడిగితే రెండో పరీక్షే నమ్మకమైనది. ఆ పరీక్ష పెడితే ‘అండర్‌నీత్’ ప్రిలిమ్స్ కూడా దాటదు. ఆ ఆల్బమ్ టైటిల్ పాటకు గ్రామీ నామినేషన్ వచ్చింది. పార్లమెంటు సభ్యులెవరూ నోరు మెదిపిన జాడ లేదు.

సరే, అవన్నీ గిటారు సంగీతం కాదు, ప్రయోగశాల వ్యవహారం అనుకుందాం. గిటార్లతో యంత్రాలను ఎవరు కలిపారు? ఇక్కడ వరస పెద్దదే. షికాగోలో మినిస్ట్రీ పెట్టిన ఆల్ యూర్గెన్సన్ 1983లో చక్కగా సింథ్ పాప్ పాడుకునే మనిషి. 1988 నాటికి అదే బ్యాండు మరమనిషి మీద దెయ్యం వాలినట్టు తయారైంది. బర్మింగ్‌హమ్‌లో గాడ్‌ఫ్లెష్ 1989లో ‘స్ట్రీట్‌క్లీనర్’ తెచ్చింది. ఇద్దరే ముఖ్యమైన మనుషులు, డ్రమ్మర్ లేడు, అతని కుర్చీలో అలెసిస్ కంపెనీ డ్రమ్ మెషీన్ కూర్చుంది. లాస్ ఏంజెలెస్‌లో ఫియర్ ఫ్యాక్టరీ 1995లో ‘డీమాన్యుఫ్యాక్చర్’ చేసే నాటికి కాలితో కొట్టే డ్రమ్మూ గిటారు దెబ్బా ఒకే మరలో బిగించినంత కచ్చితంగా పడడం అలవాటైపోయింది. 1999లో స్లిప్‌నాట్ తొమ్మిది మంది ముసుగులేసుకుని బీరు పీపాల మీద బాదుతూ, శాంప్లర్లు మోగిస్తూ ఆ శబ్దాన్ని అమెరికాలో ప్రతి షాపింగ్ మాల్‌కూ చేర్చారు. హార్డ్‌కోర్‌తో కలపడమే కొత్త అంటారా? బెర్లిన్‌లో ఆటారీ టీనేజ్ రయట్ అనే జట్టు 1992లోనే మొదలైంది. దాని నాయకుడు అలెక్ ఎంపైర్ తర్వాత పెట్టిన కంపెనీ పేరే డిజిటల్ హార్డ్‌కోర్ రికార్డింగ్స్. అంత స్పష్టంగా బోర్డు రాసి తగిలించిన దుకాణం ముందు నిలబడి ‘ఇలాంటిది ఎక్కడా లేదు’ అనడానికి చాలా ధైర్యం కావాలి. లేదా రాసేవాడు మధ్యాహ్నం మూడింటికల్లా కాపీ పంపాల్సిన వాడై ఉండాలి.

నిజానికి ఫ్యాక్టరీకీ మెటల్‌కూ తొలి సంబంధం ఇంతకన్నా పాతది, దానికి ఏ కళాకారుడి అనుమతీ అడగలేదు. 1965లో బర్మింగ్‌హమ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళ కుర్రాడు పని చేసేవాడు. ఆ ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు కోసేసింది. కుర్రాడు ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే పోయింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. తీగలు మామూలు బిగువులో ఉంటే నొప్పి, అందుకని పలుచటి తీగలు వేసుకున్నాడు, తర్వాత్తర్వాత శ్రుతి కిందికి దించాడు. అతనే టోనీ అయోమీ, బ్లాక్ సబ్బత్ గిటారిస్టు. ఇవాళ ప్రపంచంలో ఏ హెవీ బ్యాండు వాయించే బరువైన శబ్దంలోనైనా ఆ రెండు వేలి కొసలకు వాటా ఉంది. కోడ్ ఆరెంజ్ గిటార్లలోనూ ఉంది. ఇండస్ట్రియల్ ప్రభావం గురించి నాలుగు పేజీలు రాసేవాళ్ళు ఈ సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగరు. ఫ్యాక్టరీ చేసిన పని వీళ్ళకు నచ్చదు, ఫ్యాక్టరీ చప్పుడు నచ్చుతుంది.

ఆ చప్పుడు అమ్ముకోవడానికి పిట్స్‌బర్గ్‌ను మించిన చిరునామా దొరకదు. మనవాళ్ళకు పిట్స్‌బర్గ్ అంటే పెన్‌హిల్స్ గుట్ట మీద వేంకటేశ్వరస్వామి గుడి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు నాలుగు దశాబ్దాలకు పైగా పులిహోర పొట్లాలతో చేస్తున్న యాత్ర. కానీ అమెరికాకు ఆ ఊరంటే ఉక్కు. ఆండ్రూ కార్నెగీ సంపాదనంతా అక్కడిదే. 1901లో యూఎస్ స్టీల్ పుట్టింది ఆ సామ్రాజ్యం పునాదుల మీదే. మొనాంగహేలా నది ఒడ్డున హోమ్‌స్టెడ్ కార్ఖానా ఉండేది. 1892లో కార్మికుల సమ్మెను అణచడానికి ప్రైవేటు తుపాకులు దిగింది అక్కడే, ఎంపైర్ స్టేట్ భవనానికి ఉక్కు వెళ్ళింది అక్కడి నుంచే. ఆ కార్ఖానా 1986లో మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో వాటర్‌ఫ్రంట్ అనే షాపింగ్ ప్రాంగణం ఉంది. సినిమా హాలు, హోటళ్ళు, బట్టల కొట్లు, కార్లు పెట్టుకునేందుకు బోలెడంత జాగా. పాత కార్ఖానా గుర్తుగా పన్నెండు పొగగొట్టాలు మాత్రం వరసగా నిలబెట్టి ఉంచారు. పొగ రాదు. ఫోటోలు వస్తాయి.

కోడ్ ఆరెంజ్ 2008లో మొదలైంది. అప్పటికి హోమ్‌స్టెడ్ మూతపడి ఇరవై రెండేళ్ళు. ఆ పిల్లలు చదివింది నగరంలోని లలితకళల హైస్కూల్లో, బ్యాండుకు పెట్టుకున్న తొలి పేరు కోడ్ ఆరెంజ్ కిడ్స్. 2014లో ‘కిడ్స్’ తీసేశారు, మీసాలొచ్చాయి కనక. వాళ్ళను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఉక్కు కార్ఖానాలో చెయ్యి కాల్చుకున్నవాడే ఇనుప చప్పుడు చెయ్యాలనే రూలేమీ లేదు. కానీ ఆ ఊళ్ళో ఆ చప్పుడు మూడు తరాల తాతయ్యలకు చెవుడు తెచ్చిన చప్పుడు. మనవడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అది రేపటి శబ్దమంటే, తాతయ్యకు వినబడకపోవడమే నయం. రస్ట్ బెల్ట్ అని పేరు పడిన నేలలో పుట్టిన సంగీతం వెనక్కి చూస్తోందని ఒప్పుకుంటే అందులో ఒక బాధ ఉంటుంది, ఒక కథ ఉంటుంది. దాన్ని పట్టుకుని ‘ముందుకు, మునుముందుకు’ అని డప్పేయడంతో ఆ కథ కాస్తా మాయమైపోయింది.

ఇక ఆల్బమ్ వెనక అట్ట మీది పేర్లు చూద్దాం. ప్రచార పత్రాల కన్నా పేర్ల జాబితాలో నిజాలు ఎక్కువ ఉంటాయి. నిర్మాణం జేమీ మోర్గన్, నిక్ రాస్కులినెజ్. జేమీ బ్యాండుకు నాయకుడు, అప్పట్లో డ్రమ్మర్ కూడా. నిక్ అంతకు ముందు ఆలిస్ ఇన్ చెయిన్స్, ఫూ ఫైటర్స్ ఆల్బమ్‌లకు పని చేసిన చెయ్యి. అదనపు ప్రోగ్రామింగ్ అని చిన్న అక్షరాల్లో ఇంకో పేరు ఉంది: క్రిస్ వ్రెన్నా. ఎవరీయన? నైన్ ఇంచ్ నెయిల్స్ పాత డ్రమ్మర్. 1994లో వచ్చిన ‘ద డౌన్‌వర్డ్ స్పైరల్’కు పని చేసినవాడు. నైన్ ఇంచ్ నెయిల్స్ అధిపతి ట్రెంట్ రెజ్నర్ పెరిగింది పెన్సిల్వేనియాలోనే, పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన మెర్సర్ అనే చిన్న ఊళ్ళో. అంటే విషయం ఇదీ: భవిష్యత్తు తయారు చేయాలనుకున్నారు, పాతికేళ్ళ కిందట దాన్ని తయారు చేసిన మేస్త్రీనే పిలిపించుకున్నారు, అదీ పక్క ఊరి వ్యవహారంలోంచి. ఇది బుద్ధిగల పని. ఇల్లు కట్టాలంటే ఇల్లు కట్టడం వచ్చినవాణ్ణే పిలుస్తాం. కానీ గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ‘అబ్బ, ప్రపంచంలో మొట్టమొదటి ఇల్లు’ అని హారతి పడితే గృహస్థుకే సిగ్గేస్తుంది. వీళ్ళకు వేయలేదు.

సిగ్గు గురించి చెప్పుకోవాలంటే గ్రామీ వారిని వదిలి చెప్పుకోలేం. హార్డ్ రాక్, మెటల్‌కు కలిపి 1989లో తొలిసారి బహుమతి ఇచ్చినప్పుడు మెటాలికాను పక్కన కూర్చోబెట్టి పిల్లనగ్రోవి వాయించే జెత్రో టల్‌కు ఇచ్చిన మహానుభావులు వాళ్ళు. అలాంటి సభ కూడా నైన్ ఇంచ్ నెయిల్స్‌కు ఉత్తమ మెటల్ ప్రదర్శన బహుమతి 1993లోనే ఇచ్చేసింది. గ్రామీ సభ దాకా చేరిందంటే ఆ శబ్దం అప్పటికే ప్రభుత్వ ఆఫీసు ఫైలంత పాతదై ఉంటుంది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళకు అదే మిశ్రమాన్ని సమీక్షకులు నవ్యత అని ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవడానికి జ్ఞాపకశక్తి లేకపోవడం ఎంత సుఖమో!

ఈ తరహా సమీక్ష రాయడం పెద్ద విద్యేమీ కాదు. ‘చల్లని’, ‘లోహపు’, ‘యాంత్రికమైన’ అనే మూడు విశేషణాలు దగ్గర పెట్టుకోవాలి. వాక్యానికి ఒకటి చొప్పున చల్లుకుంటూ పోవాలి. ‘కోల్డ్.మెటల్.ప్లేస్’ అని బ్యాండే ఒక పాటకు పేరు పెట్టి మన పని సగం చేసి పెట్టింది, చుక్కలతో సహా. తర్వాత సైబర్ అనే మాట ఎక్కడో తగలాలి. డిజిటల్ యుగంలో మనిషి ఒంటరితనం అన్న ముక్క రెండో పేరాలో రావాలి. ఇంటర్నెట్‌లో అందరూ అందరినీ తిట్టుకుంటున్నారు అన్న కఠోర సత్యాన్ని ఈ ఆల్బమ్ బయటపెట్టిందని రాయాలి, మన ఇంట్లో వాట్సాప్ గ్రూపు లేనట్టు. చివర్లో ప్రక్రియల సరిహద్దులు చెరిపేసిందని తేల్చాలి. చెరపడానికి ముందు ఆ సరిహద్దులు గీసింది ఎవరని అడిగే పాఠకుడు పత్రిక చందాదారుల్లో ఉండడు. వాటిని గీసింది కూడా ఈ సమీక్షకులే. హార్డ్‌కోర్ ఒక అర, మెటల్ ఒక అర, ఇండస్ట్రియల్ ఒక అర అని సర్దుకున్నారు. ఒక అరలోని సరుకు పక్క అరలోకి జరిగినప్పుడల్లా విప్లవం ప్రకటించుకుంటున్నారు. అరలు సర్దేవాడికి నిరుద్యోగం ఎన్నటికీ రాదు.

అవతలి జాతి కూడా ఉంది, వాళ్ళనూ వదలకూడదు. మీరు ఏ పాట పెట్టినా పది సెకన్లు విని ‘ఇది గాడ్‌ఫ్లెష్ 1989లోనే చేసేశారు’ అని పెదవి విరిచేవాళ్ళు. (పైన రెండు పేజీలూ నేను చేసింది అదే కదా అంటారా? అవును, అదే.) గాడ్‌ఫ్లెష్ పాట పెడితే వాళ్ళకన్నా పెద్దవాడు లేచి నొయ్‌బౌటెన్ అంటాడు. ఆయన్ని ఇంకో పెద్దాయన ఆపి రుసోలో అంటాడు. లుయీజీ రుసోలో ఇటలీ చిత్రకారుడు. ఇక మీదట సంగీతమంటే నగరాల రొద, యంత్రాల రొద అని 1913లో ఒక ప్రకటన రాసి, రొద చేసే చెక్కపెట్టెలు తయారు చేయించాడు. ముందు బాకాలాంటి గొట్టం, పక్కన తిప్పడానికి పిడి. 1914లో మిలాన్‌లో వాటితో కచేరీ పెడితే జనం గోల చేశారు, అది చివరికి కొట్టుకునే దాకా వెళ్ళింది. ఆయన కన్నా ముందు ఎవరు అంటే కమ్మరి కొలిమి దాకా పోవచ్చు. ఈ దారిలో నడిచేవాడు ఏ పాటనూ చివరిదాకా వినడు, ఎందుకంటే పాట మొదలవగానే అతనికి తేదీ దొరుకుతుంది, తేదీ దొరకగానే పని అయిపోతుంది. సమీక్షకుడు అన్నీ కొత్తవే అంటాడు, వీడు అన్నీ పాతవే అంటాడు. ఇద్దరూ వినకుండానే చెప్పగలరు. అక్కడే ఇద్దరికీ కుదిరింది.

వింటే ఏం దొరుకుతుంది? ‘అండర్‌నీత్’లో నిజంగా కాస్త కొత్తగా తగిలేది ఇనుప చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. పాట మధ్యలో తెగిపోతుందని మొదట్లో అన్నానే, అది. ‘స్వాలోయింగ్ ద రాబిట్ హోల్’ పెట్టుకోండి. గిటార్లు, డ్రమ్ములు, అరుపు అన్నీ ఒక్కసారి మీద పడుతుంటాయి. ఉన్నట్టుండి మొత్తం మాయం. అర క్షణం, క్షణం. తిరిగి వచ్చేటప్పుడు మనం ఊహించిన చోట రాదు.

ఇందులో కిటుకు తెలియాలంటే రికార్డింగ్ గది గురించి ఒక సంగతి తెలియాలి. మనుషులు వాయించిన ఏ శబ్దమూ ఒక్క దెబ్బకు చావదు. డ్రమ్మర్ తాళాన్ని చేత్తో పట్టుకుని ఆపినా చివర్న ఒక ‘స్స్’ మిగులుతుంది. గిటారు తీగలను అరచేత్తో నొక్కేసినా యాంప్లిఫయర్ హమ్ మిగులుతుంది. గది గోడలు శబ్దాన్ని ఇంకాసేపు తమ దగ్గర ఉంచుకుంటాయి. హార్డ్‌కోర్ బ్యాండ్లు ఎప్పటి నుంచో ఇలా ఆగి మళ్ళీ దూకుతూనే ఉన్నాయి, కానీ ఆ ఆగడంలో గది ఊపిరి వినబడుతూ ఉండేది. కోడ్ ఆరెంజ్ ఏం చేసిందంటే, వాయించిందంతా కంప్యూటర్లో తరంగంగా పరిచి, గది ఊపిరితో సహా కత్తిరించి పారేసింది. తోకలేని కోత. హమ్ లేదు, స్స్ లేదు, గోడలు లేవు. స్పీకరు తీగ ఊడిందేమోనని మనం ఒక్కసారి చెయ్యి చాస్తాం. ఈ పని వాళ్ళు 2017లో వచ్చిన ‘ఫరెవర్’లోనే మొదలెట్టారు. ‘అండర్‌నీత్’లో దాన్ని వ్యాకరణంగా చేసుకున్నారు. బ్యాండులోని ఎరిక్ బాల్డరోజ్ గిటారు తగ్గించి కీబోర్డు, కంప్యూటరు వైపు జరిగింది కూడా ఇందుకే అనిపిస్తుంది.

ఇది ఎందుకు గుచ్చుకుంటుందంటే, హార్డ్‌కోర్‌లో బ్రేక్‌డౌన్ అనేది బ్యాండుకూ ముందు వరస జనానికీ మధ్య ఒక ఒప్పందం. పాట వేగం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, ఏ దెబ్బకు ఏ కాలు లేపాలో పిట్‌లోని కుర్రాళ్ళకు ఒంటికే తెలుసు. అక్కడ ఎవరూ ఆలోచించరు, ఆలోచిస్తే పక్కవాడి మోచెయ్యి ముక్కు మీద పడుతుంది. సరిగ్గా ఆ దెబ్బను దొంగిలించారు. లేపిన కాలు గాల్లోనే ఉంది, దెబ్బ రాలేదు. వినేవాడి ఒంటిలోని లెక్కను తప్పించడం ఇది. ఇనుము మీద ఇనుము బాదితే వచ్చేది కాదు. తాటాకు చప్పుళ్ళకు బెదరని కుందేళ్ళు కూడా చప్పుడు హఠాత్తుగా ఆగితే చెవులు రిక్కిస్తాయి.

దీనికి మాత్రం ముందువాళ్ళు లేరా? ఉన్నారు. 1970ల్లో జమైకాలో కింగ్ టబ్బీ రికార్డింగ్ బల్ల దగ్గర కూర్చుని పాటలోంచి ఒక్కో వాద్యాన్నీ మాయం చేసి మళ్ళీ తెచ్చేవాడు. ఎలక్ట్రానిక్ సంగీతం వాళ్ళు 90ల్లో సీడీ గీతలు పడ్డట్టు పాటల్ని తెంపి అతికారు. అయితే వాళ్ళెవరూ ఒకరినొకరు గుద్దుకునే గుంపు ముందు ఆ పని చెయ్యలేదు. ఆ గుంపుకు ఈ కోత చేసే నష్టం వేరు. వంద శాతం కొత్త అనను. పదో వంతు కొత్త. హెవీ సంగీతంలో పదో వంతు దొరకడం ఎంత అరుదో వినేవాళ్ళకు తెలుసు. మిగతా తొమ్మిది వంతులకు వేసిన దండల కింద ఆ పదో వంతు ఊపిరాడక చచ్చింది. ఎందుకంటే దాన్ని ఫోటో తీయలేం. నిశ్శబ్దానికి ముసుగు తొడిగి పోస్టరు వేయలేం. డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ యోధుడి ప్రవేశ సంగీతంగా పెట్టలేం. కోడ్ ఆరెంజ్ అలాంటి సంగీతం కూడా చేసింది, 2019లో బ్రే వయట్ రాక్షసావతారం కోసం. బాగా కుదిరింది కూడా. అక్కడ చీకటి గరగరలు కావాలి, వీళ్ళు గంపలకొద్దీ ఇచ్చారు.

మరి ఆల్బమ్ సంగతి? యంత్రాలు తామే పాటగా మారిన చోట, ‘ద ఈజీ వే’ లాంటి వాటిలో, నాకు రెజ్నర్ గారి పాత దుస్తులు ఇస్త్రీ చేసి వేసుకున్నట్టే వినబడింది. ఇస్త్రీ మాత్రం అద్భుతం. ‘ఎ స్లివర్’, ‘సల్ఫర్ సరౌండింగ్’ 90ల సియాటిల్ వీధుల్లో తప్పిపోయి తిరిగినట్టుంటాయి. అయినా రీబా గొంతు వాటిని కాపాడుతుంది. ‘ఇన్ ఫియర్’ లాంటి చోట మాత్రం కోతా, అరుపూ, గిటారూ ఒకదాన్నొకటి తినేస్తాయి. అలాంటి పాటలు ఇంకో నాలుగు ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు, గుంపులో దండ పట్టుకుని నిలబడేవాణ్ణి.

విడుదలైన మర్నాడే, మార్చి 14న, పిట్స్‌బర్గ్ పక్కనే మెకీస్ రాక్స్‌లోని రాక్సియన్ థియేటర్‌లో కచేరీ పెట్టుకున్నారు. కరోనా వచ్చి జనాన్ని రావద్దంది. వీళ్ళు రద్దు చేసుకోలేదు. ఖాళీ హాల్లో, పూర్తి హంగులతో, తెరల మీద బొమ్మలతో, కెమెరాల ముందు మొత్తం వాయించి ఇంటర్నెట్‌లో ప్రసారం చేశారు. ఇంకా ప్రపంచంలో చాలామంది చేతులు కడుక్కోవడం దగ్గరే ఉన్నారు. ఇంటర్నెట్ ఒంటరితనం మీద ఆల్బమ్ చేసినవాళ్ళను, ఒక్క ప్రాణి లేని హాల్లో, వేలమంది ఎవరి గదిలో వాళ్ళు ఒంటరిగా కూర్చుని చూశారు. ఎంత బుర్ర పెట్టినా ఏ ప్రచార విభాగమూ ఇంత చక్కగా కుదర్చలేదు. ఆ ఆల్బమ్ చుట్టూ జరిగినవాటిలో కళ్ళప్పగించి చూడాల్సింది అదొక్కటే, దాని ఐడియా బ్యాండుదీ కాదు, లేబుల్‌దీ కాదు, వైరస్‌ది.

2021లో గ్రామీ ఫలితం వచ్చింది. భవిష్యత్తు ఓడిపోయింది. గెలిచింది బాడీ కౌంట్, ర్యాపర్ ఐస్-టీ నడిపే బ్యాండు. 1992లో వాళ్ళ తొలి ఆల్బమ్ వచ్చింది, అప్పటి నుంచీ అదే గిటారు, అదే తిట్లు, అదే కోపం, వెంట్రుకవాసి మార్పు లేదు. దాన్ని ఎవరూ నవ్యత అనలేదు, వాళ్ళూ అడగలేదు.

తర్వాత కథ ఇంకా సరదా. 2023 ఫిబ్రవరిలో కోడ్ ఆరెంజ్ ‘అండర్‌నీత్’ పాటల్నే ముక్కలు చేసి రీమిక్స్ ఆల్బమ్‌గా వదిలింది. ఇండస్ట్రియల్ ఆల్బమ్ తర్వాత రీమిక్స్ రికార్డు అన్నది ఆ ఇంటి ఆచారం. ఫియర్ ఫ్యాక్టరీ 1993లో చేసింది, నైన్ ఇంచ్ నెయిల్స్ 1995లో చేసింది. 2023 సెప్టెంబరులోనే కోడ్ ఆరెంజ్ ఐదో ఆల్బమ్ ‘ది అబవ్’ వచ్చింది. దానికి మైకులు పెట్టించుకున్నది ఎవరి చేత? షికాగోలోని స్టీవ్ ఆల్బినీ చేత. కంప్యూటర్‌తో పాటలకు మేకప్ చేయడమంటే ఒంటికి కారం రాసుకున్నట్టు భావించి, జీవితాంతం టేపు మీద రికార్డింగునే నమ్మిన మనిషి. రేపటి సంగీతం మూడేళ్ళకే టేపు దగ్గరకు నడుచుకుంటూ వచ్చేసింది. ఒక పాటలో అతిథిగా బిల్లీ కోర్గన్ పాడాడు, స్మాషింగ్ పంప్‌కిన్స్ నాయకుడు. ఆయన బ్యాండుకు పేరు తెచ్చిన ‘సయమీజ్ డ్రీమ్’ 1993 నాటిది.

2020లో 1994ను పిలిచారు, 2023లో 1993ను పిలిచారు. మూడేళ్ళకు ఒక ఏడాది చొప్పున వెనక్కి పోతున్న ఈ భవిష్యత్తు ఇలాగే సాగితే రుసోలో చెక్కపెట్టెల దాకా చేరడానికి ఇంకో రెండొందల నలభై ఏళ్ళు పడుతుంది. అప్పటి సమీక్షకులకు కావలసిన మూడు విశేషణాలూ ఇక్కడే రాసి పెట్టాను, వాడుకోవచ్చు.